జేజి తాబేళ్ళకు కంబళి ఆకు

మొన్న మనవరాలు సెల్‌ఫోనులో చుక్కల తాబేళ్ళ బొమ్మ చూపించి, వీటిని ఇంట్లో పెంచితే కేసు పెడతారట అవ్వా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా మీదైతే ఎప్పుడో పెట్టి ఉండాల్సింది.

యాభైల నాటి మాట. బనగానపల్లెలో మా పక్కింట్లో సాయిబుల ముసలమ్మ ఒకామె ఉండేది, మేము నాయనమ్మ వరసలో జేజి అనే పిలిచేవాళ్ళం. బిడ్డల్లేరు. భర్త బతికున్నప్పుడు కొండ నుంచి తెచ్చిన రెండు చుక్కల మెట్ట తాబేళ్ళతోనే, ఆయన పోయాక, ఆమె మాటా ముచ్చటా. పెరట్లో కంబళి చెట్టు, అదే మీరిప్పుడు మల్బరీ అనేది, దాని లేతాకు కోసి వాటికి పెట్టే పని ఎనిమిదేళ్ళ నాది.

ఆ ఏడు ఎండలకు తాళలేక పాపం ఎట్లా ఉంటున్నాయో అని జాలిపడ్డాను, నా జాలి మండిపోను! నీళ్ళు శుభ్రంగా ఉంటాయని మావాళ్ళు బావుల్లో తాబేళ్ళను వదలడం చూసినదాన్ని కదా, తాబేలంటే తాబేలే అనుకుని, జేజి మధ్యాహ్నం కునుకు తీస్తుండగా రెంటినీ గంపలో పెట్టుకుపోయి మా తోట బావిలో వదిలాను. మెట్ట తాబేలుకు ఈత రాదని నాకేం తెలుసు? కాళ్ళు కొట్టుకుంటూ మునిగినవి మళ్ళీ తేలలేదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అదీ నా సంగతి.

గంపను తెచ్చి ఎక్కడిదక్కడ పెట్టేశాను. యాడికో నడిచిపోయి ఉంటాయిలే అని అందరూ అంటే నేనూ తలాడించాను. జేజి మాత్రం రోజూ సాయంత్రం గోడవార ఆకు పెట్టేది, పొద్దునకు అది అట్లాగే వాడిపోయి ఉంటే ఇంత సంగటి కూడా వండుకునేది కాదు. మూడోనాటికి ఆమె ముఖం చూడలేక, తెల్లవారుతుండగానే గోడ దూకి ఆకంతా తెచ్చి మా మేకకు వేశాను, నాలుగు తొడిమలు మాత్రం అక్కడే వదిలి.

"సూడు పాపా, వచ్చి తినిపోయినాయి! నా మింద అలిగి యాడో దాక్కోనుండాయి, అంతే," అని ఎంత సంబరపడిందో! ఆ పూట వండుకుని తిని, నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. సిగ్గులేకుండా తిన్నాను. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆకు కోసిచ్చేదాన్నీ నేనే, తెల్లారి ఎత్తేసేదాన్నీ నేనే.

ఏడాది తిరిగేసరికి నాయనకు కడపకు బదిలీ అయింది. బస్సు దగ్గరికి వచ్చి జేజి, "ఆకు నేను కోసి పెడతాలే, నువ్వేం దిగులుపడొద్దు పాపా," అంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా! తేలు కుట్టిన దొంగలా ఎక్కి కూర్చున్నాను.

మా కాలంలో పక్కింటి పెరడూ మన పెరడే. ఇప్పుడు పక్కింటివాళ్ళ పేరైనా నాకు తెలియదు, అబద్ధం చెప్పేంత చనువు కూడా ఎవరితోనూ లేదు.

మేము కడప చేరిన మరునాటి పొద్దున జేజి లేచి గోడవార చూసి ఉంటుంది. ఆకు పెట్టింది పెట్టినట్టే ఉండి ఉంటుంది. ఆ మరుసటి పొద్దునా అంతే. ఆమె తిన్నదో లేదో కనుక్కోవడానికి నేను మళ్ళీ ఆ ఊరు పోలేదు.