గోరింక ఏడో పేజీ

చియాయీ తూర్పు బజారులో టర్కీ కోడి అన్నం అమ్మే కొట్టుకీ, చెప్పులు కుట్టే అతని బల్లకీ మధ్య ఆరడుగుల వెడల్పు దుకాణం లాయ్ యూ-ఛిన్‌ది. పాత కంప్యూటర్లు బాగుచేస్తుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు తలా ఒక జవాబు చెప్పింది కాబట్టి అసలు సంగతి బజారులో ఎవరికీ తెలియదు.

అంతకుముందు ఇరవై ఆరేళ్ళు జననమరణాలు రాసే ఆఫీసులో గుమాస్తా. చనిపోయినవాళ్ళ పేరు ఇంటి పట్టీలోంచి కొట్టేసే బల్ల ఆమెది. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చేది. తర్వాత పేరు చదివి, ఈ పేరేనా అని మూడుసార్లు అడిగేది. చిరునామా మార్పుకు నల్ల ముద్ర, పేరు కొట్టేయడానికి ఎర్ర ముద్ర. ఎర్ర ముద్ర బల్ల మీద ఉండేది కాదు, బీరువాలో ఉండేది. దాన్ని తేవడానికి లేచి నాలుగడుగులు నడవాలి. నాలుగడుగుల్లో మనిషి మనసు మారొచ్చు అనేది ఆమె.

అలాంటి మనిషి చేతిలోనే క్వో ముసలాయన భార్య గొంతు పోయింది.

క్వో భార్య నలభై ఏళ్ళు ఆ వీధుల్లో సోయా జున్ను బండి తోసింది. మధ్యాహ్నం మూడయితే సందు చివర చక్రం కిర్రుమనేది, వెంటనే ఆమె కేక. ఆ కేక వింటే నిద్రపోయే పసిపిల్లలు కూడా నోరు చప్పరించేవాళ్ళని చెప్పుకుంటారు. ఆమె పోయే ముందు ఏడాది, ముసలాయన ఒక చిన్న రికార్డరు పట్టుకుని బండి వెనకాలే తిరిగి ఆ కేకలు పట్టాడు. అవన్నీ తన పాత కంప్యూటరులో పెట్టుకున్నాడు. అది నెమ్మదించింది. తీసుకొచ్చి యూ-ఛిన్ బల్ల మీద పెట్టాడు.

ఆమె కొత్త డిస్కు ఒకటి బిగించింది. పాత డిస్కును అలాగే ఉంచింది, అందులోవి తర్వాత నకలు తీద్దామని. కంప్యూటరును నడిపించడానికి ఉచితంగా దొరికే లినక్సుల్లో పాత యంత్రాలకు బాగా పనికొస్తుందని పేరున్నది గోరింక. తైవాన్ కుర్రాళ్ళు కొందరు కలిసి చేసింది. దాన్ని ఎక్కించింది. యంత్రం బుద్ధిగా ఉండాలని, అక్కడివాళ్ళ నమ్మకం ప్రకారం దాని మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం కూడా పెట్టింది, గడువు తేదీ చూసి మరీ.

మొదటి పేజీలో భాష అడిగింది. ముందే ఎంచి పెట్టి ఉంది, ఎంటర్ నొక్కింది. అక్షరాల పలక, గడియారం, పేరు, రహస్యపదం, ఆరోది తెర పరిమాణం. అన్నీ ఒకే రంగు, ఒకే అక్షరాలు, ఒకే మూలన ఒకే 'ముందుకు' మీట. ఏడోది కూడా అలాగే వచ్చింది. డిస్కు మొత్తం వాడుకో అన్నదానికి ముందే టిక్కు పెట్టి ఉంది. అది ఎంచుకున్న డిస్కు కొత్తది కాదు, క్వో పాత డిస్కు. ఆమె వేలు ఆరుసార్లు నొక్కిన ఊపులో ఏడోసారీ నొక్కింది. పది నిమిషాల తర్వాత చివరి పేజీలో తెల్లటి అక్షరాలు వచ్చాయి: "అంతా అయిపోయింది. వెళ్ళి టీ తాగండి."

వారం రోజులు తంటాలు పడి, చెరిగిన డిస్కులోంచి ఆమె వెలికితీసింది నాలుగు సెకన్లు. చక్రం కిర్రుమంటుంది. ఎవరో పిలవడానికి ఊపిరి తీసుకుంటారు. అక్కడితో ఆగిపోతుంది.

క్వో ఆమెను ఒక్క మాట అనలేదు. రోజూ మూడు గంటలకు వచ్చి స్టూలు మీద కూర్చుని ఆ నాలుగు సెకన్లూ విని, "ఇవాళ పిలిచిందా?" అని అడిగి వెళ్ళేవాడు. తిట్టి ఉంటే ఆమెకు నిద్ర పట్టేది. మిట్టమధ్యాహ్నం, బజారు అంత రద్దీలో, ఎవరి తోపుడు బండి కిర్రుమన్నా ఆమె చేతిలోని స్క్రూడ్రైవరు ఆగిపోయేది. ఆ ఊపిరి తర్వాత రావలసిన కేక కోసం వీపంతా చెవులై కూర్చునేది.

పాత యంత్రాల గురించి రాసే వెబ్‌సైటులో ఆమె అప్పుడప్పుడూ రాస్తుంటుంది. గోరింక గురించీ రాసింది. నొక్కింది నా వేలే అని మొదలుపెట్టి, ఏ పేజీ ఎలా వచ్చిందో వరసగా చెప్పింది. ప్రాణం తీసే ప్రశ్ననూ పేరడిగే ప్రశ్ననూ ఒకే ముఖంతో అడగకూడదంది. ఆఖర్న ఒళ్ళుమండి ఒక వాక్యం చేర్చింది: "ఇల్లు తగలబెట్టి టీ తాగిపొమ్మనే ఈ పెద్దమనిషి ఎవరో, ఒకసారి చూడాలని ఉంది."

రెండు రోజుల్లో జవాబు వచ్చింది. రాసినవాడు గోరింక జట్టుకు పెద్ద టాంగ్ వెయ్-చె. ఆ పేజీలు చేసిన షియావ్ బో-యాన్ రెండేళ్ళ క్రితం ముప్ఫై ఒకటో ఏట జబ్బుచేసి పోయాడు. అప్పటినుంచీ ఆ పేజీల్లో ఒక్క చుక్క కూడా ఎవరూ కదపలేదు, అది అతని చేతి రాత అని. మీరు చూడాలనుకుంటే ఫొటో ఉంది, శనివారం సమావేశానికి రండి, మీరు రాసింది తీసేస్తానని అక్కడే చెప్పండి అని ఉంది ఉత్తరంలో.

యూ-ఛిన్ ఉత్తరం రెండుసార్లు చదివింది. అది అక్కడి పంచాంగంలో ఏడో నెల. పోయినవాళ్ళకు తలుపులు తెరిచే నెల. ఆ నెలలోనే ఆమె ఒక పోయినవాడిని నోటికొచ్చినట్టు అంది. ఆ పోయినవాడేమో, పోయిన ఇంకొక మనిషి గొంతు నొక్కేశాడు. తీసేయడానికి కంప్యూటరు ముందు కూర్చుంది. తీసేస్తే రేపు ఇంకెవరో ఏడోసారి నొక్కుతారు. ఉంచితే కొడుకు పోయిన తల్లి ఎక్కడో చదువుతుంది. అలాగే వదిలేసి లేచింది.

శనివారం మధ్యాహ్నం టీ పొడి దుకాణం మేడమీద పదిమంది చేరారు. గోడకు బో-యాన్ ఫొటో, దాని ముందు నారింజలు. బల్ల మీద యంత్రాలన్నిటికీ ఆకుపచ్చ పొట్లాలు. మూలన కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ. ఆమె బో-యాన్ తల్లి. ఆమెను ఎందుకు పిలిపించారో యూ-ఛిన్‌కు గుమ్మంలోనే అర్థమైంది.

టాంగ్ మర్యాదగానే మొదలుపెట్టాడు. "ఛిన్ అక్కా, తెర అడిగింది, మీరు నొక్కారు. ఇందులో గోరింక తప్పేముంది?"

"నొక్కాను తమ్ముడూ. మొదటి వాక్యంలో అదే రాశాను. చదివావా, ఆఖరి వాక్యమే చదివావా?"

వెనకనుంచి ఒకడు, ఉచితంగా ఇచ్చినదానికి ఇన్ని వంకలేమిటన్నాడు. ఉచితంగా పెట్టిన అన్నంలో రాయి పంటికి తగలదా అంది ఆమె. ఇంకొకడు సూచనల పుస్తకం నలభైయో పుట చూడలేదా అన్నాడు. నలభైయో పుటలో ఉన్న మాట ఏడో పేజీలో ఉండాల్సిందని ఆమె జవాబు. వాళ్ళు పదిమంది, ఆమె ఒక్కతి. అయినా మాట తగ్గలేదు. చివరికి తన ఎర్ర ముద్ర గురించి చెప్పింది, బీరువా దాకా నడిచే నాలుగడుగుల గురించి.

అప్పుడు మూలనుంచి తల్లి గొంతు వినిపించింది. "ఆ టీ మాట రాసింది మా వాడే. నేనెప్పుడూ చూడలేదమ్మా. ఎలా చూడాలి?"

యూ-ఛిన్ తన వెంట తెచ్చిన ఖాళీ లాప్‌టాప్ ఆమె ముందు పెట్టింది. ఎంటర్ నొక్కుతూ పోతే చివర వస్తుంది అక్కా అంది, అంతే. తల్లి కళ్ళద్దాలు పెట్టుకుని నొక్కసాగింది. కొడుకు మాట ఎప్పుడొస్తుందా అనే చూపు తప్ప తెర మీద ఇంకేమీ ఆమెకు కనబడటం లేదు. ఒకటి, రెండు, అయిదు. ఏడోసారి వేలు లేచినప్పుడు యూ-ఛిన్ ఆ వేలు పట్టుకుంది.

"అక్కా, ఇప్పుడు మిమ్మల్ని ఏమడిగింది?"

"ఏమడిగింది? గడియారమో ఏదో."

"ఇందులో ఉన్నదంతా చెరిపెయ్యమంటారా అని అడిగింది."

తల్లి వేలు వెనక్కి తీసుకుని చేతిసంచి కింద దాచుకుంది. టాంగ్ నేల చూశాడు.

అయినా మార్చడానికి వాళ్ళ చేతులు రావడం లేదు. అది బో-యాన్‌ది, అతన్ని అడక్కుండా ఎలా అన్నాడు టాంగ్. అడుగుదాం అంది తల్లి. సంచిలోంచి నెలవంకల్లాంటి రెండు ఎర్రటి చెక్క ముక్కలు తీసింది, దేవుళ్ళనూ పోయినవాళ్ళనూ ప్రశ్న అడిగి విసిరేవి. ఫొటో ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నాయనా ఈ పేజీ మార్చనా అని అడిగి విసిరింది. రెండూ బోర్లా పడ్డాయి. వద్దన్నాడు.

"చూశారా పిన్నీ," అన్నాడు టాంగ్, కాస్త ఊపిరి తీసుకుని.

"వాడు చిన్నప్పటినుంచీ మొదట వద్దనే అంటాడు. స్నానానికీ వద్దే, బడికీ వద్దే." మళ్ళీ విసిరింది. రెండూ వెల్లకిలా. అవునూ కాదు, కాదూ కాదు, నవ్వుతున్నాడు. యూ-ఛిన్ మెడ వెనక ఎవరో మెల్లగా ఊపిరి వదిలినట్టయింది. తిరిగి చూస్తే పంకా.

మూడోసారి ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. సరేనన్నాడు. వరసగా మూడుసార్లు అనాలి కదా పిన్నీ అన్నాడు వెనకవాడు. మూడుసార్లు దేవుళ్ళకు, కన్న కొడుక్కి ఒక్కటి చాలు అని చెక్కలు సంచిలో వేసుకుంది తల్లి. తర్వాత టాంగ్‌తో, ఆ టీ మాట కొట్టెయ్యకు, కాస్త ముందుకు జరుపు అంది. చెరిపాక ఎందుకు టీ, చెరపక ముందు తాగమను.

యూ-ఛిన్ ఆమె చేతులు పట్టుకుని, ఆ ఆఖరి వాక్యం ఇవాళే తీసేస్తానంది.

"ఉంచు. వాడు పోయాక వాణ్ణి అందరూ మంచివాడనే అంటున్నారు. నువ్వొక్కదానివే బతికున్నవాణ్ణి తిట్టినట్టు తిట్టావు."

మూడు వారాలకు కొత్త గోరింక వచ్చింది. చెరిపే పేజీ ఇప్పుడు ఎర్రగా ఉంది. ఏ టిక్కూ లేదు. డిస్కు పేరు చేత్తో రాస్తే గానీ ముందుకు పోదు. దానికి ముందు తెల్లటి పేజీ మీద ఒకటే మాట: "ఇక్కడ ఆగండి. వెళ్ళి టీ తాగి రండి." యూ-ఛిన్ తను రాసినదాంట్లో అక్షరం తీయలేదు. కింద తేదీ వేసి, మారింది అని మాత్రం చేర్చింది.

ఆ రోజు దాన్ని పరీక్షించడానికి కూర్చుంటే ఆ పేజీ దగ్గర ఆమె వేలు దానంతటదే ఆగింది. లేచి నాలుగడుగులు నడిచి నీళ్ళు కాచింది. రెండు కప్పులు పోసింది, మూడు కావస్తోంది కాబట్టి.

క్వో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. టీ పట్టుకుని, పెట్టమన్నట్టు తలూపాడు. చక్రం కిర్రుమంది. ఎవరో ఊపిరి తీసుకున్నారు. ఇద్దరూ ఎదురుచూశారు.

"తాతా, ఇక రాదు," అంది యూ-ఛిన్ మొదటిసారి. "నేనే పోగొట్టాను."

ముసలాయన టీ ఊదుకుని ఒక గుటక తాగాడు.

"తెలుసులే. బండి సందు మలుపు దగ్గరే ఆగిపోయింది," అన్నాడు. "రేపు ఇంకొంచెం పెద్దగా పెట్టు."