సీసపు ఏప్రన్‌కు వేసిన మడతలు

మొన్న ఢిల్లీ పక్క ఇందిరాపురంలో మనవరాలి పంటికి ఎక్స్‌రే తీయించడానికి వెళ్తే, కిరణాలు ఒంటికి తగలకుండా తొడుక్కునే సీసపు ఏప్రన్ గోడ కొక్కేనికి వేలాడుతోంది, పక్కన మడవరాదని హిందీలో రాసి ఉంది. నర్సు రెండుసార్లు పిలిచినా నాకు వినపడలేదు.

తెనాలిలో మాది బట్టల కొట్టు. నడకకంటే ముందు నాకు చీర మడవడం వచ్చిందనేవారు. తొంభైల మొదట్లో పని వెతుక్కుంటూ ఫరీదాబాద్‌లో అక్కా బావగార్ల పంచన చేరాను. ఫ్యాక్టరీల వెనక సందులో చిన్న ఎక్స్‌రే గదికి బావగారు టెక్నీషియన్, నేను చీటీలు రాసేవాణ్ణి. ఆయన ఏప్రన్ చిరిగితే, పాత ఢిల్లీ అంగడిలో భయ్యా అంటూ బతిమాలి, అక్కర్లేదని మూడుసార్లు మెట్లు దిగి, సగానికి సగం ధరకు కొత్తది సాధించాను. బావగారు దాన్నే ఎక్స్‌రే తీసి, ఎక్కడా పగులు లేదన్నారు. నెల్లాళ్లు నేను నేలమీద నడవలేదు.

చంటిపిల్లలు కదలకుండా ఏప్రన్ తొడుక్కుని ఆయనే పట్టుకునేవారు, తెర వెనక బటన్ నేను నొక్కేవాణ్ణి. సాయంత్రం ఆయన విప్పి పడేసిన ఏప్రన్‌ను కొట్టు అలవాటు కొద్దీ పట్టుచీరలా నాలుగు మడతలు వేసి, అరచేత్తో అదిమి పెట్టేవాణ్ణి. చూసి నవ్వేవారే గానీ వద్దనలేదు.

ఆరేళ్లకు ఆయనకు జ్వరం వదలడం మానేసింది, ఒంటిమీద చెయ్యి తగిలినా కమిలేది. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, తర్వాత మిగిలినవీ. తుంటి ఎముకలో సూది గుచ్చి మూలుగ తీసి చూసిన డాక్టరు, రక్తం పుట్టే చోటే ఎండిపోతోందన్నారు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలిన కిరణాలవల్ల కావచ్చు, కాకపోనూవచ్చు, తేల్చి చెప్పలేమన్నారు.

మర్నాడు బావగారు ఏప్రన్‌ను బల్లమీద పరిచి నన్ను బటన్ నొక్కమన్నారు. ఫిల్ము కడిగి వెలుగులో పట్టుకున్నారు. అంతా తెల్లగా ఉండాల్సింది, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి నల్లగీతలు, లోపల సీసం పగిలి కిరణాలు దూరిన చోట్లు.

"నీ మడతలేరా బామ్మర్దీ, అంగుళం తేడా లేదు," అన్నారు. ఫిల్మును బల్ల సొరుగులో పడేస్తూ, "మీ అక్కకు చెప్పకు."

ఆ చలికాలం ఆయన దాటలేదు.

ఇప్పుడు ఏప్రన్‌లు కొక్కేలకు వేలాడుతున్నాయి, మడవకూడదని గోడలే చెబుతున్నాయి. నా దగ్గరే ఉంటున్న అక్క మాత్రం, తమ్ముడు బేరమాడి మంచిది తెచ్చాడు గనకే ఆయన అన్నాళ్లయినా ఉన్నారని పక్కింటి ఆంటీలకు చెబుతుంది. పైసా తేడా వస్తే ఊరుకోనివాణ్ణి, ఆ మెప్పు మాత్రం తల వంచుకుని పుచ్చుకుంటాను. ఆరిన బట్టలు నేను తీగమీదే వదిలేస్తే, కొట్టువాడి కొడుక్కి ఇంత బద్ధకమా అని తిట్టుకుంటూ ఆవిడే ఒక్కొక్కటీ మడిచి పెడుతుంది.