ఆవకాయ జాడీలో బీరు

ఒకే ఒక్క మనిషి, ఒకే ఒక్క మధ్యాహ్నంలో, తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు ఊళ్లలో మూడిళ్ల అన్నాన్ని ఏడాదిపాటు చప్పగా చేసేశాడు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఘనకార్యం గురించే. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది. అప్పటి నన్ను ఎవరైనా తెచ్చి ఎదురుగా నిలబెడితే ముందు రెండు పీకి, ఆ తర్వాతే కూర్చోమంటాను.

అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. అవును, కెమిస్ట్రీయే. నా సిగ్గుచేటంతా ఆ మాటలోనే ఉంది. వేసవి సెలవుల్లో బుద్ధున్నవాళ్లు మొక్కలు పెంచుతారు, అది చేతకానివాళ్లు పొట్ట పెంచుతారు. నేను ఫోన్లో వీడియోలు చూశాను. ఎవడో చలిదేశపు గడ్డంవాడు వాళ్ల వంటింట్లో బీరు కాచుకుని, గ్లాసును వెలుతురుకెత్తి చూసి, "ఇది మత్తు కోసం కాదు, ఇది కళ" అన్నాడు. వాడి గడ్డం తగలబడ! ఆ ఒక్క మాటకు పడిపోయాను.

బాపట్లలో సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్న నా బావమరిది గోపికి ఫోన్ చేశాను.

"ఇంట్లో బీరు చేద్దామనుకుంటున్నానురా."

"షాపులో దొరికేదానికి ఇంత తంటా ఎందుకు బావా?"

"కొనుక్కుంటే అది సరుకు. చేసుకుంటే కళ."

"అట్టయితే నేనూ వస్తా. కళలంటే నాకు ముందునుంచీ ఇష్టమే."

ఇంట్లో బీరు కాయడానికి చట్టం ఒప్పుకుంటుందా అని మీరు అడగొచ్చు. నేను అడగలేదు. మా ఇంట్లో చట్టం కంటే పెద్దవాళ్లు ఉన్నారన్న సంగతి కూడా నాకు అప్పుడు తట్టలేదు.

కిరాణా కొట్లో బార్లీ కొని, మొలకలొస్తాయని మూడు రోజులు తడిగుడ్డలో కట్టి, గంటకోసారి విప్పి చూశాను. జ్వరమొస్తే జావ కాచుకునే బార్లీ అది. పైపొట్టు తీసేసి పాలిష్ పట్టిన గింజ జన్మలో మొలకెత్తదు. నాలుగో రోజుకు కుళ్లు కంపు మాత్రం వచ్చింది. చివరికి గోపి ఆన్‌లైన్‌లో తెప్పించాడు: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, చేదు కోసం ఏవో ఎండు పువ్వులు, పులియబెట్టడానికి చిన్న పొట్లంలో ఈస్టు. ఇక కావలసింది ఇరవై లీటర్లు పట్టే పాత్ర ఒక్కటే. ప్లాస్టిక్ పనికిరాదన్నాడు గడ్డంవాడు. గాజుదైతే మంచిదన్నాడు, లేదా పింగాణీది.

పింగాణీ అనగానే నా కళ్లు వంటింటి మూలకు వెళ్లాయి. ఆ కళ్లు అప్పుడే పోయినా బాగుండేది.

అక్కడ మా అత్తగారి జాడీ ఉంది, నిండా ఆవకాయతో. ఆవిడది రేపల్లె. తెనాలి మార్కెట్లో కాయ బాగుంటుందని ఏటా మా ఇంటికొచ్చి, రేపల్లె, బాపట్ల, తెనాలి మూడిళ్లకూ కలిపి ఒకే జాడీలో పెట్టి, ఊరాక పంచేవారు. అంతకుముందు చలికాలం బాత్రూమ్‌లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అతుక్కుంది గానీ పట్టు రాలేదు. అయినా వినకుండా ఆవపిండీ కారం ఉప్పూ తనే కలిపారు. మూడో రోజు తిరగగలిపి, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి, నన్ను పిలిచారు.

"బాబూ, నా చేత్తో పెట్టే ఆవకాయ ఇదే ఆఖరు. ఇంక ఈ చెయ్యి లెగవదు. రెండు వారాలు ఊరనియ్యండి, నేనొచ్చి పంచుతా. అందాకా ఎవ్వరూ మూత తియ్యొద్దు."

"అట్లాగే అత్తయ్యగారూ" అన్నాను. నా భార్య సుజాత తల్లిని దిగబెట్టి నాలుగు రోజులుండి వస్తానని రేపల్లె బయల్దేరింది. వాళ్ల బస్సు కదిలీ కదలకముందే గోపిని రమ్మన్నాను.

జాడీ చూసి వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"బావా, అమ్మ చంపేసుద్ది."

"ఎందుకు చంపుతారు? పచ్చడి జాడీలోంచి క్యాన్లలోకి వెళ్లుద్ది, బీరయ్యాక మళ్లీ జాడీలోకొస్తది. ఇల్లు సున్నం వేయిస్తే పక్కింట్లో పడుకోమా, అంతే ఇదీ."

ఇప్పుడు వినండి నా విద్వత్తు. గడ్డంవాడు పదిసార్లు చెప్పింది ఒక్కటే: శుభ్రం. ఒక్క క్రిమి మిగిలినా పులిసేది బీరు కాదు, చెత్త. అందుకని పెద్ద గిన్నెడు నీళ్లు మరిగించి మూడు స్టీలు క్యాన్లూ, గరిటే అందులో ముంచాను. మోచేతుల దాకా చేతులు కడిగాను, వాడి చేతులూ కడిగించాను. పాపం, గోపి తువ్వాలు తీశాడు.

"ఆగరా! తుడవొద్దు! గుడ్డలో క్రిములుంటాయి."

"క్యాన్ల అడుగున నీళ్లు నిలబడినయ్యి బావా."

"మరిగిన నీళ్లురా అవి. వాటికంటే శుభ్రమైనది ఈ ఊళ్లో లేదు."

నీళ్లు కారుతున్న చేతులతో, నీళ్లు కారుతున్న గరిటెతో, నీళ్లు నిలిచిన క్యాన్లలోకి నలభై కాయల ఆవకాయ తోడేశాను. మా వైపు సరిగ్గా కలుపుకుని తినడం రాని పిల్లలకు కూడా తడి గరిటె ఆవకాయలో పెట్టకూడదని తెలుసు. నాకు తెలీదా? తెలుసు! అయినా ఆ పూట నేను అల్లుణ్ణి కాదు, శాస్త్రవేత్తను. పైగా ఉప్పూ పులుపూ స్టీలును ఏం చేస్తాయో నేనే పరీక్షల్లో ప్రశ్న ఇచ్చేవాణ్ణి. సరిగ్గా రాయని పిల్లలకు మార్కులు కోసేవాణ్ణి కూడాను. వాళ్లు నన్ను క్షమించాలి.

జాడీని నిమ్మచెక్కలతో నాలుగుసార్లు తోమి, బార్లీ ఉడకేశాను. వీధి వీధంతా వాసన. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూశారు.

"ఏంటి బాబూ, ఉలవలు ఉడకేస్తున్నారా? మీకు గేదెలు కూడా లేవుగా!"

"కషాయమండి."

"అయ్యో, ఎవరికి బాలేదు?"

"ఇంకా ఎవరికీ ఏం కాలేదండి" అన్నాను. అది మాత్రం నిజమే.

చల్లారాక ఈస్టు వేసి, అత్తగారి గుడ్డతోనే వాసెన కట్టి, ఎండల వేడికి పాడవకుండా జాడీకి తడి గోనెసంచి చుట్టాను. రెండో రోజు నుంచి లోపల బుడబుడమని చప్పుడు. పక్కన కుర్చీ వేసుకుని వినేవాణ్ణి. ఇంతలో సుజాత ఫోన్.

"ఆవకాయకి ఎండ తగలట్లేదు కదండీ?"

"అస్సలు లేదు. మంచం కింద నీడలో ఉంది."

"మంచం కిందా?"

"సిగ్నల్ సరిగ్గా లేదు, మళ్లీ చేస్తా."

నాలుగు రోజులన్న సుజాత పన్నెండు రోజులుంది. నేనూ అడ్డు చెప్పలేదు. పన్నెండో రోజు పొద్దున రుచి చూద్దామని గోపి దిగాడు. గ్లాసులు కడుగుతుంటే గుమ్మంలో ఆటో ఆగింది. తల్లీ కూతుళ్లిద్దరూ రెండు రోజుల ముందే వచ్చేశారు.

అత్తగారు తిన్నగా వంటింట్లోకి వెళ్లి గోనెసంచి చూశారు. "చల్లగా ఉండాలని చుట్టారు కాబోలు. మా అల్లుడికి ఎంత శ్రద్ధో చూశావే సుజాతా!" అంటూ ఎడం చేత్తో వాసెన విప్పారు. లోపల గోధుమరంగు నీళ్లు, పైన నురగ, నురగలో ఎర్రటి నూనె చుక్కలు. ఒక్క అరుపు అరిచారు.

"ఓసేయ్, నా ఆవకాయ కరిగిపోయిందే!"

గోపి ఫక్కున నవ్వి, తల్లి మొహం చూసి నోరు మూసుకున్నాడు.

"కరగలేదండి" అన్నాను. "అది బీరు."

"బీరేంటి బాబూ? మరి నా ఆవకాయేది?"

మంచం కింది క్యాన్లు లాగి మూత తీశాను. మూడింటిలోనూ తెల్లటి బూజు, వేలు లోతున. మూతల లోపలివైపు నల్లబడిపోయింది.

"తడి తగిలిందా?"

"శుభ్రంగా మరిగించిన నీళ్లతోనే కడిగానండి."

"తుడిచారా?"

"తుడిస్తే గుడ్డలో క్రిములు..."

"క్రిములంట, క్రిములు!" సుజాత ఇల్లెగిరిపోయేలా అరిచింది. "విరిగిన చేత్తో కలిపింది మా అమ్మ! ఒక్కో ముక్కా తనే తుడుచుకుంది! మీ దగ్గర చదువుకునే పిల్లల్ని తలుచుకుంటే ఏడుపొస్తోంది నాకు!"

అత్తగారు పీట మీద కూర్చుని కుడి మణికట్టు ఎడం చేత్తో పట్టుకుని, "పోనీలేండి బాబూ" అన్నారు. ఆ మాట బదులు గరిటె తిరగేసి నాలుగు తగిలించినా ఇంత బాధ ఉండేది కాదు. ఇప్పటికీ చెవిలో పడితే నా మీద నాకే అసహ్యం పుడుతుంది.

సుజాత గ్లాసు నిండా ముంచి నా చేతికిచ్చింది. "తాగండి. మా అమ్మ పచ్చడి కంటే గొప్పదిగా, తాగండి!"

తాగాను. నాలుగుసార్లు తోమినా జాడీ తన బుద్ధి పోనిచ్చుకోలేదు. ఉప్పు, ఆవఘాటు, ఆ వెనక చేదు. ముక్కు దిమ్మెక్కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎట్టుంది బావా?" అన్నాడు గోపి.

"ముద్దపప్పు కావాలి" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఇరవై లీటర్ల కళా కాలవలోకి పోయింది. మళ్లీ పెడదామంటే అప్పటికి కాయ పండుబారిపోయింది. ఆ ఏడంతా మూడిళ్లలో షాపు పచ్చడే. ప్రతి ముద్దకూ ఎవరో ఒకరు నన్ను తలుచుకునేవారు, బాపట్ల నుంచి ఫోన్ చేసి మరీ.

మరుసటి వేసవికి అత్తగారు వచ్చారు. చెయ్యి ఇంకా బిగిసిపోయింది. కుర్చీలో కూర్చుని చెప్పారు, నేను చేశాను. కాయ కొట్టాను, ముక్క తుడిచాను, పిండి కలిపాను. గంటకోసారి "చేతులు చూపించండి" అనేవారు. కాలేజీలో నేను పిల్లల్ని వణికించేవాణ్ణి, ఇక్కడ రెండు చేతులూ చాపి నిలబడేవాణ్ణి. మూడో రోజు ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలారు.

"బాగానే కుదిరింది. ఇంక నేను పెట్టక్కర్లేదు."

మెచ్చుకున్నారని ఒక్క క్షణం పొంగిపోయాను. తర్వాత తెలిసింది ఆ మాటకు అర్థం. ఆవిడ చేత్తో పెట్టిన ఆఖరి ఆవకాయ నేను బూజు పట్టించిందే. దాన్ని ఎవ్వరం ఒక్క ముద్ద కూడా తినలేదు.

ఆ పూటే అందరి ముందూ గొంతు సవరించుకుని ప్రమాణం చేశాను: "సూర్యచంద్రుల సాక్షిగా, తెనాలి కాలవల సాక్షిగా, ఈ జన్మలో బీరు కాయను, కాచేవాడి వీడియో చూడను, ఆవకాయ దగ్గరికి తడి పోనివ్వను. మీ చేతిలో చెయ్యి వేసి చెప్తున్నా అత్తయ్యగారూ!" అని గంభీరంగా చెయ్యి చాపాను.

ఆవిడ తడి ఆరని నా అరచేతి వంక చూసి, భుజం మీది తువ్వాలు తీసి అందించారు.

"ముందు తుడుచుకోండి బాబూ."