బస్సులో పలకరింపు

వేసవి సెలవుల్లో ఒక లాయర్ల ఆఫీసులో పని నేర్చుకోవడానికి చేరబోతున్న మా మనవరాలు మొన్న తెల్లాపూర్ నుంచి వచ్చి, వాళ్లు పంపిన నియమాల కాగితాలు నా ముందు పెట్టి, ఎలా నడుచుకోవాలో చెప్పడానికి ఇన్ని పేజీలా అమ్మమ్మా అని నవ్వింది. నేనూ నవ్వాను గాని, కక్షిదారుల సంగతి బయట ఎత్తకూడదన్న వాక్యం దగ్గర నా వేలు ఆగిపోయింది.

నేను లా చదివే రోజుల్లో అలాంటి కాగితం ఎవరిచ్చారు! సంగారెడ్డి కోర్టులో పేరున్న వకీలు మా మేనమామ, సెలవులకు నన్ను తన ఆఫీసులో కూర్చోబెట్టుకున్న మొదటిరోజే, మన దగ్గరికి వచ్చేవాళ్లు బయట కనబడితే వాళ్లు పలకరించేదాకా నువ్వు పలకరించకు అని ఒక్క మాట చెప్పి ఫైల్లో తల దూర్చాడు. ఎదురుపడిన మనిషిని మంచిచెడ్డ అడగకపోతే పొగరనుకునే ఊళ్లో పుట్టినదాన్ని, ఇదెక్కడి మర్యాద అని లోలోపల విసుక్కున్నాను.

అప్పట్లో పటాన్‌చెరు దగ్గరి పల్లె నుంచి ఒకామె తండ్రి భూమిలో తన వాటా కోసం వచ్చేది. అన్నలు ఆ పొలాన్ని ఫ్యాక్టరీకి అమ్మజూస్తున్నారు. కోర్టు స్టే ఇచ్చేలోపు ఈ సంగతి వాళ్ల చెవిన పడితే పొలం దక్కదని మామయ్య చెబుతుంటే నేనూ పక్కనే కూర్చుని విన్నాను. విన్నదాన్నే, ఆ వారమే బస్సులో ఆమె కనబడగానే మంచిగున్నవా అక్కా అని అడిగాను. ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. పాపం, గుర్తుపట్టలేదేమో అనుకుని, వకీలు సాబ్ మేనకోడల్ని కదా అని నేనే గుర్తుచేశాను. పక్కన కూర్చున్నది ఆమె పెద్దన్న అని నాకు తెలియదు.

రెండు రోజుల్లో పొలం ఫ్యాక్టరీ పేరున రిజిస్ట్రేషన్ అయిపోయింది.

ఆమె ఆఫీసుకు వచ్చినరోజు, మామయ్య నన్ను ఇంటికి పంపేస్తాడని తలుపు పక్కన నిలబడ్డాను. ఎంత పెద్ద ఫ్యాక్టరీ యజమాని వచ్చినా కుర్చీలోంచి కదలని మనిషి, ఆమెను చూడగానే లేచి రెండు చేతులూ జోడించాడు.

“తప్పు నాదే చెల్లె. పలకరించొద్దని పిల్లకు చెప్పిన గని, ఎందుకో చెప్పలే.”

ఆమె ఆయన వైపు కాదు, నా వైపు చూసింది.

“మంచిగున్నవా అనే కద సార్ అడిగింది. గట్ల అడిగేటోళ్లు మా ఇంట్ల ఎవ్వరు లేరు.”

ఆ ఇద్దరిలో ఎవరిది పెద్ద మనసో ఇన్నేళ్లు వకీలుగా పనిచేశాక కూడా తేల్చి చెప్పలేను. కేసు ఏళ్లపాటు సాగింది గాని పొలం తిరిగి రాలేదు. అక్కడి ఫ్యాక్టరీ గోడ కనబడినప్పుడల్లా నా తల వంగిపోతుంది.

ఎందుకో చెప్పకుండా వదిలేయడం మా ఇంట్లో ఒకసారి చాలు, అందుకే మనవరాలికి ఇదంతా చెప్పాను. బజారులో ముందుగా ఎవరినీ పలకరించక నేను మాత్రం పొగరుబోతునన్న పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడు బస్సెక్కితే అందరి కళ్లూ ఫోన్లలోనే ఉంటున్నాయి, మామయ్య నియమం పాటించడానికి ఏ కష్టమూ లేదు. నిన్న పటాన్‌చెరు దాకా అలాగే కూర్చున్నాను. మంచిగున్నవా అని ఒక్కరైనా అడుగుతారేమోనని దిగేదాకా చూశాను.