రెండో సొరంగం దగ్గర చుట్టరికం

ఎదుటి మనిషి తనకేమవుతాడో తేలేదాకా వరహాలరావుకి కుదురుండదు. కొత్తవాడు కనపడగానే కొందరికి పేరు కావాలి, కొందరికి జీతమెంతో కావాలి. వరహాలరావుకి వరస కావాలి. బావో, బాబాయో, వేలువిడిచిన మేనమామో, ఏదో ఒకటి కుదరాల్సిందే. దొంగ జేబులో చెయ్యి పెట్టినా ముందు “మీది ఏ ఊరండీ?” అని అడిగి, ఆ తర్వాతే కేకలేసే రకం.

అది రెండువేల ఐదో సంవత్సరం. విశాఖపట్నంలో సోషల్ వర్క్ చదివే పిల్లల్ని కాలేజీ వాళ్లు ఇంటర్న్‌షిప్ అని చెప్పి తలో ఊరికీ తోలారు. అరకులో చెత్త గురించి జనానికి నచ్చజెప్పే పని వరహాలరావుకీ, అతని క్లాసులోనే చదివే బిందుమాధవికీ పడింది. టూరిస్టులు అరకు అందాన్ని కళ్లారా చూసి, తిన్న ప్లేట్లు గుర్తుగా వదిలి వెళ్తున్న రోజులవి. శుక్రవారం సంత అయ్యాక ఆ మైదానం చూస్తే ఎవరో పనిగట్టుకుని పాలిథిన్ కవర్ల పంట వేసినట్టుండేది.

బిందుమాధవి తెలివైన పిల్ల. వాళ్ల నాన్న విజయనగరంలో గుమాస్తా. కాగితం మీద ఏది అడిగినా గబగబా రాసేస్తుంది. కొత్త మనిషి ఎదురైతే మాత్రం గొంతులో వెలక్కాయ పడుతుంది. కిందటేడు ఇదే పేపరులో, కూడలిలో నిలబడి జనంతో మాట్లాడి చూపించమన్నారు. నిలబడి చూపించి వచ్చేసింది. మాట్లాడలేదు. పేపరు పోయింది. ఈసారి కూడా పోతే ఏడాది చదువు మళ్లీ మొదటికి వస్తుందని ఆ పిల్లకి లోపల ఒకటే దడ.

అలాంటి పిల్లకి దేవుడిచ్చిన తోడు వరహాలరావు.

ఇద్దరూ కిరండూల్ పాసింజరు ఎక్కారు. కాలు పెట్టడానికి చోటు లేదు. ఒక పెద్దమనిషి మాత్రం బల్లంతా ఆక్రమించి, కాళ్లు చాపుకుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వలుచుకు తింటున్నాడు. బిందుమాధవి నిలబడటానికే సిద్ధపడింది.

“మీది ఏ ఊరండీ?” అన్నాడు వరహాలరావు.

“ఎస్.కోట” అన్నాడాయన, కాలు కదపకుండా.

“ఎస్.కోటా! ఎస్.కోటలో ఏ ఈదండీ?”

ఆయన వీధి పేరు చెప్పాడు. ఆ వీధి చివర పిండిమర ఉండేది కదా అన్నాడు వరహాలరావు. ఉండేదన్నాడాయన. ఆ పిండిమర ఆయన తోడల్లుడికి మా పెద్దత్త ఆడపడుచునిచ్చారన్నాడు వరహాలరావు. మొదటి సొరంగం వచ్చేసరికి ఆయన ఒక కాలు ముడిచాడు. రెండో సొరంగానికి రెండోది కూడా ముడిచాడు. సొరంగంలోంచి వెలుతురులోకి వచ్చేసరికి ఇద్దరూ బావా బావమరుదులైపోయి, ఒక పొట్లంలో చేతులు పెట్టి తింటున్నారు. ఆ బావగారు తొక్కలన్నీ గుప్పిట పట్టి కిటికీలోంచి విసరబోయాడు.

“బావా, ఆగు ఆగు! అయి మా సెల్లి ఎత్తుకోవాల. దాని పనే అది” అన్నాడు వరహాలరావు, బిందుమాధవిని చూపించి.

ఆయన నాలిక్కరుచుకుని తొక్కలన్నీ తువ్వాల్లో మూటగట్టుకున్నాడు. బిందుమాధవికి చోటు దొరికింది కానీ ఒళ్లు మండింది.

“నేనెప్పుడు మీకు చెల్లెల్నయ్యానండీ?” అంది.

“రెండో సొరంగం కాడ” అన్నాడు వరహాలరావు, అదేదో రిజిస్ట్రాఫీసులో జరిగినట్టు.

ఆమె ఒప్పుకోలేదు. ఇతన్ని చచ్చినా అన్నయ్య అని పిలవకూడదనుకుంది. ఆ రోజు నుంచీ ‘వరహాలరావు గారూ’ అని, గారుని కాస్త ఒత్తి మరీ పిలిచేది.

అరకులో మొదటి పూటే వరహాలరావుకి ఎదురుదెబ్బ తగిలింది. సంత పక్కనే కాఫీ మొక్కలు పెంచుకునే సుక్రు అనే రైతు ఇంటికి వెళ్లి, అలవాటు ప్రకారం ఏ ఊరు, ఏ వీధి అని మొదలుపెట్టాడు. సుక్రు తాపీగా చుట్ట కాలుస్తూ విన్నాడు.

“ఊరు, ఈది ఎందుకు? మీది ఏ వంశం?” అన్నాడు. “మాది పులి. ఆ కొండ కింద ఉన్నోళ్లు సేప. ఇవతల నాగు. పులికి పులి అన్నదమ్ములు. సేపతోటి మాకు బావ వరస. మీదేటి?”

వరహాలరావు నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత సులువైన లెక్క అతనికెవరూ చెప్పలేదు. పెద్దత్తలూ ఆడపడుచులూ అక్కర్లేకుండా ఒక్క మాటలో కొండ మొత్తం చుట్టమైపోతుంది!

“అన్నా,” అన్నాడు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేసి, “మా ఇంటిపేరు పులి.”

సుక్రు అతన్ని ఎగాదిగా చూశాడు. అంత బక్కపలచటి పులిని ఆయనెప్పుడూ చూసి ఉండడు. అయినా పెద్ద మనసు చేసుకుని లోపలికి రమ్మన్నాడు. వారం తిరక్కుండా వరహాలరావు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పులి వంశం తమ్ముడు, చేప వంశం బావ. సంతలో అల్లం అమ్మే యర్రమ్మ అతనికి మేనత్త. పల్లం నుంచి ఉల్లిపాయలు తెచ్చుకునే పైడయ్యని పాత పద్ధతిలో ఊరూ వీధీ అడిగి మామని చేసుకున్నాడు.

“అయ్యా బాబూ అంటే ఇంటారు, మరిసిపోతారు సెల్లీ,” అని బిందుమాధవికి పాఠం చెప్పేవాడు. “మావా అని సూడు, ఆ రాత్రి కూడెక్కదు. మేనల్లుడి మాట కొట్టీసినానే అని.”

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. వరహాలరావు నోటివల్ల ఊరు బాగుపడే మాటెలా ఉన్నా, ముందు అతని నడుం పడిపోయే పనైంది. వరస కలిపితే బరువు కూడా కలుస్తుంది కదా. మేనల్లుడన్నాక అత్త అల్లం బస్తా మొయ్యాలి. తమ్ముడన్నాక అన్న పనసకాయలు దింపాలి. ఇక బావలకైతే వేళాకోళమాడే హక్కే ఉంది. చేప వంశం ఫల్గుణ ఒకరోజు తీరుబడిగా అరటిపండు తిని, తొక్క తెచ్చి వరహాలరావు భుజం మీద వేశాడు.

“బావా, సూడు! నువ్వు సెప్పినట్టే సెత్తబుట్టలోనే ఏసినాను” అన్నాడు.

సంతంతా నవ్వింది. వరహాలరావు అందరికంటే గట్టిగా నవ్వి, తొక్క తీసుకెళ్లి సంత చివర చెత్త గోతిలో పారేసి వచ్చాడు. మరుసటి వారం ఫల్గుణ తొక్క తనే గోతిలో వేశాడు. వేళాకోళం ఒకసారే బాగుంటుంది.

అన్ని చోట్లా ఇలా గెలిచాడనుకుంటే పొరపాటు. చాపరాయి వాగు దగ్గర ఒక జీపు జనం బిరియానీ తిని ప్లేట్లు ఏట్లో వదులుతున్నారు. అందులో లావుపాటి ఆయన దగ్గరికి వెళ్లి, “పెదనాన్నగారూ, అయి ఇలగివ్వండి” అన్నాడు వినయంగా.

“ఎవడ్రా నీకు పెదనాన్న? నాకింకా నలభై నిండలేదు!” అని ఆయన మిగిలిన ప్లేట్లు కూడా ఏట్లోకి తన్నాడు.

వరహాలరావు మోకాటిలోతు నీళ్లలో దిగి, అన్నీ ఏరుకుని, తడిసి ముద్దై వచ్చాడు.

“తప్పు నాదే సెల్లీ. వయసు తెలవనప్పుడు బాబాయనాల. పెదనాన్నంటే ఎవుడికైనా కాలుద్ది. గుర్తెట్టుకో.”

“నాకవసరం లేదు వరహాలరావు గారూ” అంది బిందుమాధవి.

ఆమె బాధ ఆమెది. ఎంతో ధైర్యం కూడగట్టుకుని ఒక కొట్టు ముందు నిలబడి, నోరు తెరవబోయేసరికి ఇతను ‘అత్తా’ అని దూరిపోయేవాడు. పని అయిపోయేది. ఆమె మాట లోపలే ఉండిపోయేది. అది చాలదన్నట్టు, ఎవరితో వరస కలిపినా చివర్లో దూరంగా నిలబడ్డ ఆమె వైపు చెయ్యి చూపించి చెవిలో ఏదో ఊదేవాడు. వాళ్లు ఆమెని చూసి తలలూపేవారు. మూగదనో, మొద్దనో చెబుతున్నాడని బిందుమాధవికి అనుమానం. ఒకటి రెండుసార్లు, అరకులో తనకి బస ఇచ్చిన హాస్టలు గదిలో కూర్చుని, కోపంతో ఏడుపొచ్చి ఏడ్చింది కూడా.

ఇంటర్న్‌షిప్ ఆఖరికొచ్చాక మంగరాజు మాస్టారు వచ్చారు. మార్కులు వేసేది ఆయనే. తలకి వేసే రంగు దగ్గర ఎంత ధారాళమో, నవ్వు దగ్గర అంత పొదుపు మనిషి. సంతంతా తిరిగి చూసి, ఎవర్నడిగినా ‘పులి తమ్ముడు సెప్పినాడు’ అనే అంటుంటే ఆయన నుదురు ముడిపడింది.

“ఈ శుక్రవారం సంతలో మాట్లాడేది బిందుమాధవి. నేను నిలబడి వింటాను. వరహాలరావ్, నువ్వు నోరు విప్పావంటే ఆ అమ్మాయికి మార్కులుండవు.”

“అలగేనండి,” అన్నాడు వరహాలరావు. “మాస్టారూ, తవరిది ఏ ఊరండీ?”

“నీకనవసరం.”

చాపరాయి దగ్గరి జీపాయన పోను, అరకు వచ్చాక వరహాలరావుకి వరస కలవని మనిషి ఈయనొక్కడే. ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

శుక్రవారం పొద్దున్నే సుక్రు వచ్చి తమ్ముడికి జ్వరమని, రాలేడని చెప్పాడు. బిందుమాధవికి మొదటిసారి, ఆ మనిషి పక్కనుంటే బాగుండునని అనిపించింది. బట్టీపట్టిన ఉపన్యాసాన్ని లోలోపల వల్లెవేసుకుంటూ సంతకి వెళ్లింది. పైడయ్య ఉల్లిపాయల పెట్టె ఒకటి బోర్లించి ఇచ్చాడు. ఎక్కింది. ఎదురుగా అల్లం, పసుపు, రాజ్మా, అనాసపళ్లు, వాటి వెనక వందల కళ్లు. ఓ పక్కన మంగరాజు మాస్టారు.

“గౌరవనీయులైన...” అంది.

అంతే. వెలక్కాయ వచ్చి గొంతులో కూర్చుంది. మాస్టారు గడియారం చూసుకున్నారు. ఏడాది చదువు కళ్ల ముందే జారిపోతున్నట్టు ఆ పిల్లకి అనిపించింది.

“ఏటి కోడలా, గౌరవం ఎవులికి? మాకేనేటి?” అంది అల్లం రాశి వెనకనుంచి యర్రమ్మ. “మీ ఇంట్లో మీ అత్తతోటి ఇలగే మాటాడతావా?”

కోడలంటే తననేనా అని బిందుమాధవి వెనక్కి తిరిగి చూసింది.

“మీ అన్న మొదటి వారమే సెప్పినాడు నాకు,” అంది యర్రమ్మ. “‘నాకో సెల్లుంది అత్తా. నాకంటే శానా తెలివి. అయినోళ్ల కాడ గలగలా మాటాడతాది, పరాయోళ్లని సూత్తే గొంతు లేవదు. అందుకే దానికి పరాయోళ్లు లేకుండా సేత్తన్నాను’ అన్నాడు. నాను నీకత్తని. ఆ ఉల్లిపాయలోడు మావ. సుక్రు పెద్దన్న. ఇక్కడ పరాయోళ్లెవులే? బేగి సెప్పు, బేరాలున్నాయి!”

బిందుమాధవి కళ్లు గిర్రున నిండాయి. ముంజేత్తో తుడిచేసుకుంది. ఆ ఊదిన చెవులన్నీ, ఆ ఊపిన తలలన్నీ ఇప్పుడు ఎదురుగా ఉన్నాయి. ఉపన్యాసం మర్చిపోయింది. విజయనగరంలో వాళ్లింట్లో మాట్లాడే మాట వచ్చేసింది.

“మావా! ఆ ఉల్లిపొట్టు గోనెలో ఎయ్యమని ఎన్నిసార్లు సెప్పాల? అత్తా, నీ అల్లానికి అడ్డాకు సాలదా, కవరెందుకు? ఆ కవరు తిని ఆవు సచ్చిపోతే రేపు పాలు ఎవరిత్తారు, కవరిత్తాదా? ఫల్గుణ బావా, నవ్వకు! నీ తొక్కల కథ అందరికీ తెలుసు!”

సంత గొల్లుమంది. పైడయ్య గోనె వెతుక్కోవడం మొదలుపెట్టాడు. యర్రమ్మ కవర్లన్నీ ఉండచుట్టి పీట కింద కుక్కింది. బిందుమాధవి ఆపలేదు. ఆపడం ఎలాగో ఆమెకి తెలియదు, ఎప్పుడూ మొదలుపెట్టిన అలవాటు లేదు కనుక.

అప్పుడే ఓ ఖాళీ పొట్లం వచ్చి పెట్టె పక్కన పడింది, వేరుశనగ తొక్కలతో సహా. బిందుమాధవి చూడకుండానే ఆ పడేసిన చేతివైపు వేలు చూపించింది.

“బాబాయ్‌గారూ! అది ఎత్తండి ముందు!”

ఆ చెయ్యి మంగరాజు మాస్టారిది.

మాస్టారు పొట్లం వైపు చూశారు, ఆమె వైపు చూశారు.

“బాబాయా?” అన్నారు. “అంటే నేను మీ నాన్నగారి కంటే చిన్నవాడిలా ఉన్నానా?”

“చాలా చిన్నండి” అంది బిందుమాధవి, ఉన్న గొంతంతా కూడగట్టుకుని.

తలకి ఇన్నేళ్లు వేసిన రంగుకి ఇన్నాళ్లకి ఫలితం దక్కింది. మంగరాజు మాస్టారి మొహంలో, ఎక్కడ దాచుకున్నారో గానీ, నవ్వొకటి బయటికి వచ్చింది. ఆయన వంగి పొట్లం ఎత్తారు, తొక్కలు కూడా ఏరారు.

“ఓలమ్మ, మా కోడలు గుంటకి బాబాయంట! నిలబెట్టీసినారేటి, పీటెయ్యండి!” అని యర్రమ్మ కేకేసింది. పీట వచ్చింది, అనాసపండు ముక్కలు వచ్చాయి, అడ్డాకులో.

టీ కొట్టు వెనక గొంగళి కప్పుకున్న మనిషి ఒకడు తొంగి చూస్తున్నాడు. బిందుమాధవి పెట్టె దిగి, తిన్నగా వెళ్లి గొంగళి లాగేసింది. ఒంట్లో జ్వరం లేదు గానీ, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

“అన్నయ్యా, జ్వరం తగ్గిందా?” అంది.

వరహాలరావు నోరు తెరిచాడు, మూశాడు. వెలక్కాయ ఈసారి అతని గొంతులో పడింది. పుట్టాక అతనికి మాట రాకపోవడం అదే మొదలు. బిందుమాధవికి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

కాసేపే లెండి. చెల్లెలికి బాబాయైనవాడు తనకీ బాబాయేనన్న సంగతి అతనికి తట్టింది. గొంగళి దులిపి భుజాన వేసుకుని, పీట దగ్గరికి నడిచాడు.

“బాబాయ్‌గారూ, ఇప్పుడైనా సెప్పండి. తవరిది ఏ ఊరండీ?”

మంగరాజు మాస్టారు అనాసముక్క నములుతూ, “సాలూరు” అన్నారు.

“సాలూరా!” అని వరహాలరావు కింద చతికిలబడ్డాడు. “సాలూరులో ఏ ఈదండీ?”

ఇది ఇప్పట్లో తేలదని బిందుమాధవికి తెలుసు. ముగ్గురికీ టీ చెప్పి, తనూ ఒక పీట లాక్కుని కూర్చుంది.