ఎమ్మిగనూరు బస్సులో సముద్రం కబురు

ఆదోని డిపోలో హులిగమ్మ కండక్టరుగా చేరి పంతొమ్మిదేళ్లు. అందులో పన్నెండేళ్లు ఒకటే రూటు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు, ఎమ్మిగనూరు నుంచి మళ్లీ ఆదోనికి. ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారో, ఎవరి దగ్గర ఎప్పుడూ చిల్లర ఉండదో, కిటికీ పక్క సీటు కోసం ఎవరు పోట్లాడతారో ఆమెకు కంఠతా వచ్చు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఉచితమైనా ఆధార్ కార్డు చూడాలి, సున్నా టికెట్టు కొట్టివ్వాలి. సాయంత్రానికి మోకాళ్లు ఇంటికి రామని మొరాయిస్తాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. ఒక్క ప్రశ్న ఇంకొక ఎత్తు.

"ఏమ్మా హులిగమ్మా, రిగ్గు వచ్చెనా?"

ఆ ప్రశ్నకు ఏడేళ్ల వయసు. ఆదోని బస్టాండు ఎదుట ముస్తాక్‌ది సెల్‌ఫోన్ల అంగడి. ఫోన్లు బాగుచేస్తూనే జనానికి డీమ్యాట్ ఖాతాలు తెరిచి, షేర్లు కొనిపెట్టడం కూడా నేర్చుకున్నాడు. పగిలిన ఫోను అద్దం మార్పించుకుందామని హులిగమ్మ పోయిన రోజున అతను ఒక కంపెనీ సంగతి చెప్పాడు. తూర్పు సముద్రంలో, ఒడ్డుకు చాలా దూరాన, నీళ్ల అడుగున చమురు ఉందట. తవ్వుకోవడానికి ఆ కంపెనీకి సర్కారు అనుమతి దొరికిందట. తవ్వే యంత్రమున్న పెద్ద రిగ్గును బాడుగకు తెచ్చి, వచ్చే జనవరిలో తవ్వకం మొదలుపెడతారట.

"నీళ్లలో బోరెట్ల ఏస్తారప్పా?" అని అడిగింది హులిగమ్మ.

ఆమెకు బోర్ల సంగతి తెలుసు. పుట్టిల్లు ఆలూరు పక్క పల్లె. ఆమె చిన్నప్పుడు నాయన చేన్లో మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ తెల్లటి దుమ్ము తప్ప తడి తగల్లేదు. ఆ దుమ్ము వారం రోజులు ఇంటి కప్పుమీద, బర్రెల వీపుల మీద, అన్నంలో కూడా ఉండింది.

ముస్తాక్ ఫోనులో వీడియో చూపించాడు. నడిసముద్రంలో నాలుగు కాళ్ల మీద ఒక ఇనుప ఊరు నిలబడి ఉంది. దానిమీద మనుషులు చీమల్లా తిరుగుతున్నారు. హులిగమ్మకు అది ఎందుకో చాలా నచ్చింది. ఇంటిపైన ఒక గది వేసుకుందామని దాచిన డబ్బంతా అందులో పెట్టింది. పత్తి జిన్నింగు మిల్లులో హమాలీ పని చేసే ఆమె మొగుడు నాగప్ప, "నీ కష్టం, నీ ఇష్టం" అని ఊరుకున్నాడు.

ఆ సంతోషం ఆమె కడుపులో దాగలేదు. టికెట్లు కొడుతూ, చిల్లర ఇస్తూ, సముద్రంలో బోరు గురించి చెప్పేది. కొనమని ఎవరికీ చెప్పలేదు. తర్వాత్తర్వాత ఆ మాట తనకు తానే ఎన్నోసార్లు చెప్పుకుంది, కొనమని నేను ఎవరికీ చెప్పలేదు కదా అని. కానీ విన్నవాళ్లు ఊరుకుంటారా? మొదట రసూల్ సాబ్ కొన్నాడు. ఆయన ఆదోనిలో పరుపులు కుడతాడు, ప్రతి బేస్తవారం దూది మూటలతో ఎమ్మిగనూరుకు పోతాడు. ఆయన వెనకాల ఆరేకల్లు భీమమ్మ. శెనక్కాయ పంట చేతికొచ్చిన ఏడు అది. ఆమె వెనకాల ఎమ్మిగనూరు మగ్గాల పేటలో ఉండే ఉచ్చీరప్ప. చూస్తుండగానే పదకొండు మంది అయ్యారు. అందరూ ముస్తాక్ అంగడిలోనే కొన్నారు, కానీ నమ్మింది హులిగమ్మను. ఎవరి చిల్లరా ఉంచుకోని మనిషి అబద్ధం చెబుతుందా అనుకున్నారు.

మొదటి జనవరిలో ఏదో పర్యావరణం కాగితం రాలేదన్నారు. రెండో ఏడు కరోనా. మూడో ఏడు కంపెనీతో పొత్తు కలిసినవాళ్లు విడిపోయారు. ఆ పైన రిగ్గు దొరకలేదన్నారు. దొరికేటప్పటికి తుపాన్ల కాలం వచ్చిందన్నారు. సముద్రం నెమ్మదిగా ఉండే నాలుగు నెలలు దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. కంపెనీ ఇంగ్లీషులో పెట్టే ప్రతి కాగితాన్నీ ముస్తాక్ చదివి ఆమెకు చెప్పేవాడు, ఆమె బస్సుకంతా చెప్పేది. మొదట్లో వివరంగా, చేతులు తిప్పుతూ చెప్పింది. తర్వాత "వస్తాదంట" అనే మాటకు దిగింది. ఆ తర్వాత తల ఊపడమే.

రసూల్ సాబ్ అడిగే బేస్తవారాలే ఆమెకు మరీ కష్టం. ఆయన నవ్వుతూ అడిగేవాడు. ఆ నవ్వుకు లేదని చెప్పలేక, ఏదో ఒకటి కల్పించి చెప్పేది. ఈసారి ఖాయమంట సాబ్, పెద్దపెద్దోళ్లు కూడా కొంటాండారంట సాబ్.

పోయిన శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు వేసిన స్పెషల్ బస్సుల్లో నెలంతా నిలబడి మోకాళ్లు రెండూ వాచాయి. అప్పుడే ఆలూరు రూటుకు మార్చమని అర్జీ పెట్టుకుంది. కారణం మోకాళ్లనే రాసింది. అది అబద్ధం కాదు. కానీ ఆలూరు బస్సులో తనను ఎవరూ ఏమీ అడగరనే ఆశ కూడా ఉందని ఆమెకొక్కదానికే తెలుసు.

డిసెంబరులో ఆర్డరు వచ్చింది. జనవరి రెండో వారం నుంచి ఆలూరు. ఆర్డరు వచ్చిన వారంలోనే ముస్తాక్ ఫోను చేశాడు, రిగ్గు సింగపూరు నుంచి బయల్దేరిందని. ఫోటో కూడా పంపాడు. బస్సులో ఆ రోజు ఒకటే సందడి. ఆ ఫోను చేతులు మారి మారి డ్రైవరు ఈరేష్ దాకా పోయి వెనక్కి వచ్చింది. మర్నాడు భీమమ్మ శెనక్కాయ ఉంటలు చేసి తెచ్చి బస్సంతా పంచింది. "నువ్వు రూటు మారేముందే మంచి కబురు తెస్తివి సూడు," అంది. చాలా రోజుల తర్వాత హులిగమ్మకు ఆ రోజు కాళ్లు నొప్పిగా అనిపించలేదు.

పాత రూటులో ఆమెకు చివరి రోజు బేస్తవారం పడింది. ముందురోజు సాయంత్రం డిపోలో లెక్క అప్పజెప్పి బయటికి వస్తుంటే ముస్తాక్ ఫోను.

"అక్కా, కంపెనీ కాగితం పెట్టినాది."

"ఏమంటాది?"

"రిగ్గు ఈడికి రాదంట. యాడో వేరే దేశం వాళ్లు బాడుగ ఎక్కువ ఇస్తామంటే ఆడికి తిప్పినారంట. మళ్లా వచ్చే ఏడు సూస్తామంటాండారు."

హులిగమ్మ సరే అని ఫోను పెట్టేసింది. ఇంకొక్క రోజు నోరు మూసుకుంటే చాలు, తర్వాత తాను ఆలూరు బస్సులో ఉంటుంది. వాళ్లకు తెలిసినప్పుడు తెలుస్తుంది. ఇంటికి నడిచేంత సేపూ అదే అనుకుంది. అన్నం కలుపుకునేటప్పటికి అలా చేయలేనని కూడా తెలిసిపోయింది.

పొద్దున మొదటి ట్రిప్పులోనే ఆరేకల్లులో భీమమ్మ ఎక్కింది. ఆధార్ కార్డు చేతికిస్తూ మామూలుగా అడగబోయింది. ఆమె నోరు తెరవకముందే హులిగమ్మ చెప్పింది.

"పెద్దమ్మా, రిగ్గు రాదంట."

"ఈ ఏడు రాదా?"

"ఈ ఏడు రాదు. వచ్చే ఏడన్నా వస్తాదని నేను సెప్పలేను. నాకు తెలీదు పెద్దమ్మా."

భీమమ్మ ఆమె మొహంకేసి చూసింది. "తెలీదని ఆ పొద్దే సెప్పింటే బాగుండు," అంది. కోపంగా అన్లేదు. సున్నా టికెట్టును వేళ్ల మధ్య చుట్టలా చుట్టుకుంటూ కూర్చుని, ఎమ్మిగనూరులో దిగి వెనక్కి చూడకుండా పోయింది.

రెండో ట్రిప్పులో ఉచ్చీరప్పకు చెప్పింది. ఆయన "సరేలేమ్మా" అని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడో లేదో ఆమెకు అర్థం కాలేదు. ఎక్కినవాళ్లకు ఎక్కినట్టే చెబుతూ పోయింది. ఒకరు తిట్టారు. ఒకరు, ముస్తాక్‌ను పోలీసులకు పట్టియ్యాలన్నారు. ఒకామె, ఇంతకీ ఆ షేర్లు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటాయని అడిగింది. హులిగమ్మ అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఓపిక ఉండి కాదు, ఈ ఒక్క రోజుతో అయిపోతుందని.

రసూల్ సాబ్ చివరి ట్రిప్పులో, ఖాళీ గోనెసంచులు మడిచి చంకలో పెట్టుకుని ఎక్కాడు. అప్పటికి జనం పలచబడ్డారు. ఆమె ఆయన పక్క సీటులో కూలబడింది.

"సాబ్, రిగ్గు రాదంట."

"పోనీలేమ్మా."

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "ముస్తాక్ సెప్పినాడా సాబ్ నీకు?"

"ల్యాదు." రసూల్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "నావి పోయిన రంజాన్‌కు ముందే అమ్మేసినానమ్మా. మా ఇంటామె షరీఫాకు కంటి ఆపరేషన్ వచ్చె."

హులిగమ్మ ఆయన వైపు తిరిగింది. "మరి ప్రతి బేస్తారం అడుగుతాంటివి కదా సాబ్, వచ్చెనా వచ్చెనా అని?"

"అడిగేది మానేస్తే నీకు తెలిసిపోతాది కదా. రసూల్ సాబే వదిలేసినాడే అని నువ్వు దిగులు పడతావని..." ఆయన సంచులను ఒడిలోకి సర్దుకున్నాడు. "నువ్వేమో ఖాయమంట సాబ్ అని అంత సంతోషంగా సెప్తాంటివి. ఎట్ల సెప్పేది?"

ఆమె ఆ బేస్తవారాలన్నీ తలుచుకుంది. ఆయన కోసం ఆమె నవ్వింది, ఆమె కోసం ఆయన నవ్వాడు. ఇద్దరిలో ఒక్కరు నోరు విప్పి ఉన్నా కనీసం ఆ ఒక్క రోజైనా తేలిగ్గా గడిచేది.

"నాకు ముందే సెప్పింటే నేనూ అమ్మేద్దును సాబ్," అంది.

"అమ్ముందువా?"

ఆమె ఆలోచించింది. "ల్యాదు," అని ఒప్పుకుంది. బస్సు ఆదోని చేరింది. దిగేటప్పుడు ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి, "మోకాళ్లు జాగ్రత్తమ్మా" అన్నాడు.

డ్యూటీ దిగి నేరుగా ముస్తాక్ అంగడికి పోయి, తన షేర్లు అమ్మేయమంది. అతను కంప్యూటరు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "అమ్మేటోళ్లే అందరూ. కొనేటోళ్లు ఉండల్ల కదక్కా. రోజూ పొద్దున పెడతాను, యా రోజు పోతాయో." కొంచెం ఆగి, "అందరికంటే ఎక్కువ నావే ఉండాయి," అన్నాడు. అప్పుడు చూసింది హులిగమ్మ, అతని అద్దాల బీరువాలు సగం ఖాళీగా ఉన్నాయి. అతని మీద పెట్టుకున్న కోపం ఎటు పెట్టాలో తెలియక, స్టూలు లాక్కుని కూర్చుంది. ముస్తాక్ టీ తెప్పించాడు.

ఆలూరు బస్సుకు మారిన తొమ్మిదో రోజున సగం షేర్లు అమ్ముడుపోయినట్టు ఫోనుకు మెసేజి వచ్చింది. చదివి, ఫోను జేబులో పెట్టుకుని, ఎదురుగా నిలబడిన మనిషికి టికెట్టు కొట్టింది. నాగప్పకు చెబితే, "మిగతావీ అమ్ముడుపోతాయిలే," అన్నాడు.

ఆ తర్వాత రెండు వారాలకు, ఆదోని బస్టాండులో ఆమె బస్సు దిగేటప్పటికి భీమమ్మ బెంచీమీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో. పక్కన నీళ్ల సీసా సగం అయిపోయి ఉంది.

"నావి కూడా అమ్మల్ల. ఆ పిల్లోని అంగడికి నువ్వూ రాల్ల," అంది. "నేనొక్కదాన్ని పోతే ఆయప్ప యాడ నొక్కమంటే ఆడ నొక్కల్ల. నాకు భయం."

హులిగమ్మకు ఆ రోజు నిలబడే ఓపిక లేదు. అయినా భీమమ్మ మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ముస్తాక్ వివరాలన్నీ నింపాడు. భీమమ్మ ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరును హులిగమ్మే గట్టిగా చదివింది. బయటికొచ్చాక భీమమ్మ హులిగమ్మ మోకాళ్ల వైపు చూసి, కాళ్లు ఎట్లుండాయని అడిగింది.

ఆమె ఎమ్మిగనూరు బస్సెక్కి, సీటు దొరకబుచ్చుకునేదాకా హులిగమ్మ కిందే నిలబడింది. తర్వాత భుజాన ఉన్న సంచిని సర్దుకుని, లెక్క అప్పజెప్పడానికి డిపో వైపు నడిచింది.