పక్క సీటు

కండక్టరమ్మకి నోరు పెద్దదని ఊరంతా అనేది. పాతికేళ్ళు సిటీ బస్సులో నిలబడి "ముందుకి జరగండి" అని అరిస్తే ఎవరి గొంతైనా అలాగే తయారవుతుంది మరి! మనసు మాత్రం వెన్న. రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవలేదు. పై దేశాల నుంచి ఎక్స్ఛేంజి మీద ఒక్క టర్ము చదువుకోవడానికి పెద్ద యూనివర్సిటీకి వచ్చే పిల్లలకు మేడ మీది గది అద్దెకివ్వడం మొదలుపెట్టింది.

"వచ్చిన ప్రతి పిల్లనీ నెత్తికెక్కించుకోకు. ఉండేది నాలుగు రోజులు" అని భర్త నెత్తీ నోరూ బాదుకునేవాడు. వింటేగా!

ఈసారి వచ్చిన పిల్ల నోట్లో నాలుక లేనిది. పై దేశంలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ పిల్ల, అక్కడెక్కడో చిన్న ఊరు వాళ్ళది. పొద్దున్నే తల దువ్వుకుని, బ్యాగు తగిలించుకుని "వెళ్ళొస్తా పిన్నిగారూ" అనేది. సాయంత్రం రాగానే "చదువెలా ఉందే?" అంటే "బాగుంది" అనేది. ఫోన్లో వాళ్ళమ్మకీ అదే మాట.

ఒకరోజు కూరగాయల బజారులో, ఇంకా డ్యూటీ చేస్తున్న పాత స్నేహితురాలు కండక్టరమ్మని పక్కకి లాగింది.

"అక్కా, మీ ఇంట్లో ఉంటున్న పిల్ల యూనివర్సిటీ దగ్గర దిగట్లేదు. నా బస్సులోనే చివరి స్టాపు దాకా వచ్చి, అదే బస్సులో వెనక్కి పోతోంది. రోజూ ఇదే వరస."

ఆ మాటని సాయంత్రం దాకా కడుపులో దాచుకోవడం కండక్టరమ్మ జీవితంలో చేసిన ఘనకార్యాల్లో ఒకటి. భోజనాల దగ్గర మాత్రం అడిగేసింది. పిల్ల కంచంలో చెయ్యి పెట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆ హాల్లో ఐదొందల మంది ఉంటారు పిన్నిగారూ. అందరూ గుంపులుగా వస్తారు, ఒకళ్ళకొకళ్ళు సీట్లు ఆపుకుంటారు. నన్ను పలకరించే దిక్కు లేదు. రెండోరోజు తలుపు దాకా వెళ్ళి వచ్చేశా. తర్వాత బస్సు దిగడమే మానేశా. ఇంకో వారం రాకపోతే పేరు కొట్టేసి ఇంటికి పంపేస్తామన్నారు. మా అమ్మ నా గురించి అందరికీ గొప్పగా చెప్పుకుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఓస్, ఇంతేనా! రేపు నేనొస్తా పద."

భర్తకి పొలమారింది. "యూనివర్సిటీకా? నువ్వా? పదో తరగతి మీద మూడుసార్లు దండయాత్ర చేశావు కదే!"

"చేస్తేనేం, చివరికి గెలిచానా లేదా?"

మర్నాడు హాలు గుమ్మంలో పిల్ల కాళ్ళు ఆగిపోయాయి. కండక్టరమ్మ ఆ పిల్ల మణికట్టు పట్టుకుని లోపలికి నడిపించింది. వరసల నిండా మనుషులూ, మనుషుల పక్కన బ్యాగులూ. "బ్యాగులకి సీట్లెందుకు నాయనా? జరగండి, జరగండి!" అన్న కేకకి వరస మొత్తం కిక్కురుమనకుండా జరిగింది. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది, కానీ గోడ పక్క సీట్లో కూర్చుంది. ఐదొందల మందిలో 'నువ్వెవరమ్మా' అని ఆవిణ్ణి అడిగేదెవరు?

అది సముద్రాల పాఠం. కండక్టరమ్మ హాయిగా ఓ కునుకు తీద్దామనుకుంది గానీ, పాఠం పూర్తయ్యేదాకా నోరు తెరుచుకుని వింది. "ఆటుపోట్లంటే చంద్రుడు నీళ్ళని లాగడమటండీ!" అని ఇంటికెళ్ళి భర్త ప్రాణం తీసింది.

"ముందు భోజనం పెట్టు తల్లీ, తర్వాత చంద్రుడి సంగతి చూద్దాం" అన్నాడాయన.

ఆ మర్నాడూ వెళ్ళింది, ఆ పై రోజూ వెళ్ళింది. పిల్ల భయం కాస్త తగ్గింది. కండక్టరమ్మకి మాత్రం చదువు పిచ్చి పట్టుకుంది. తనకోసం కొత్త పెన్ను కూడా కొనుక్కుంది.

అప్పుడు చూసింది, ఒక ఉంగరాల జుట్టు పిల్లని. ఆ పిల్లా ఒంటరిగానే వచ్చేది. వీళ్ళ వరస దగ్గర ఆగి, వీళ్ళ పిల్ల వైపు చూసి, పక్కన కండక్టరమ్మ ఉండడం చూసి, పై వరసకి వెళ్ళిపోయేది. వీళ్ళ పిల్ల సగం నవ్వి తల దించుకునేది. కండక్టరమ్మకి సంగతి అర్థమైంది. అడ్డం తనే! లేవాలి. కానీ మర్నాడు సముద్రం అడుగున కొండలుంటాయనే పాఠం. అదొక్కటీ వినేసి మానేద్దామని రాత్రంతా మనసుకి నచ్చచెప్పుకుంది.

తెల్లారి హాల్లో కూర్చుని పెన్ను తీసింది. ఉంగరాల జుట్టు పిల్ల లోపలికి వచ్చింది. కండక్టరమ్మ లేచి నిలబడింది.

"ఏమ్మా, ఇలా వచ్చి కూర్చో. నేను వెళ్తున్నా."

"పిన్నిగారూ, ఇవాళ కొండల పాఠం!" పిల్ల చెయ్యి పట్టుకుంది.

"నువ్వు విని సాయంత్రం చెప్పవే" అని చెయ్యి విడిపించుకుని బయటికి వచ్చేసింది. బస్సులో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. బాధగానూ ఉంది, సంతోషంగానూ ఉంది.

సాయంత్రం పిల్ల ఒక్కతే రాలేదు. ఉంగరాల జుట్టు పిల్లని వెంటబెట్టుకుని, గేటు దగ్గర్నుంచే కిలకిల్లాడుతూ వచ్చింది. కండక్టరమ్మ ఎదురెళ్ళింది.

"వచ్చారా! ఏదీ, చెప్పండి నా కొండల సంగతి!"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పిల్ల నాలిక్కరుచుకుంది.

"పిన్నిగారూ... పాఠం వినలేదు. కబుర్లలో పడిపోయాం. మాస్టారు రెండుసార్లు తిట్టారు కూడా!"

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అంటూ కండక్టరమ్మ తమ ఇంటి పిల్లని ఒక్క లాగు లాగి గుండెలకి హత్తుకుంది.